మూడు చుక్కల డైరెక్టరీ

కాగితం మందుల పరీక్షశాల ఆఫీసు బల్ల మీద ఉంది. పెన్ను కాగితం మీద ఉంది. వదిన చేతులు మాత్రం ఒళ్ళోంచి పైకి రావడం లేదు.

"ఒక్క సంతకం అమ్మా. మీ ఆయన తన ఇష్టంతోనే వెళ్ళిపోయాడు, ఎవరి మీదా అనుమానం లేదు అని. అంతే. ఆయన సామాను మీకిచ్చేస్తారు, కేసు మూసేస్తాం, మీరూ కాస్త తెరిపిన పడతారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నేను తెరిపిన పడటానికి మీకెందుకండీ అంత తొందర?" అంది వదిన.

తలుపు దగ్గర నిలబడ్డ డిటెక్టివ్‌కి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. అతనికి ఇది ఫీజు తీసుకుని చేస్తున్న కేసు కాదు. కనిపించకుండా పోయినవాడు సొంత అన్న, ఈ పరీక్షశాలలో పనిచేసేవాడు. రెండు నెలలుగా వదిన కళ్ళజోళ్ళ దుకాణం తెరుస్తోంది, మూస్తోంది, ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేస్తోంది. తన చూపు మాత్రం వీధి మలుపు దాటి రావడం లేదు. భోజనం దగ్గర ఇప్పటికీ రెండు కంచాలు పెట్టి, ఒకటి మళ్ళీ తీసి లోపల పెట్టుకుంటుంది. అది చూసిన ప్రతిసారీ మరిదికి ముద్ద దిగదు.

సంతకం పెడితే ఎదురుచూడటం ఆపెయ్యాలి. పెట్టకపోతే ఏ ఆశతో చూడాలి? ఆవిడ అడుగుతున్నది ఆ ఒక్కటే. ఉన్నాడా, లేడా, వదిలేసి పోయాడా?

"వచ్చావా నత్తా!" అన్నాడు ఇన్‌స్పెక్టర్, అతన్ని అప్పుడే చూసినట్టు. ఇద్దరూ ఒకప్పుడు పోలీసు కంప్యూటర్ విభాగంలో పక్కపక్క కుర్చీల వాళ్ళు. ఒకడు ఏదైనా చిటికెలో తేల్చేసేవాడు, రెండోవాడు చూసిందే మళ్ళీ చూసేవాడు. మొదటివాడు ఇన్‌స్పెక్టర్ అయ్యాడు, రెండోవాడు ఉద్యోగం మానేసి సొంతంగా బోర్డు పెట్టుకున్నాడు. పెట్టిన పేరు మాత్రం వదల్లేదు.

"వచ్చాను సార్. నత్త కదా, ఆలస్యమైంది," అన్నాడు డిటెక్టివ్. "సంతకానికి ముందు అన్నయ్య మెషిన్ ఒకసారి చూడాలి."

"నా మనుషులు చూశారు."

"నేను చూడలేదుగా."

మందుల పరీక్షశాల మేనేజర్ అడ్డొచ్చాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి, మాట కూడా అలాగే ఉంటుంది. "సాయంత్రానికి దాన్ని తీసుకెళ్ళి అంతా చెరిపేస్తారు సార్. కొత్త మెషిన్ వస్తోంది. ఇప్పుడు చూసేదేముంది?"

"అందుకే ఇప్పుడు చూడాలంటున్నా. పదండి, నడుస్తూ మాట్లాడుకుందాం. ఆరోజు అన్నయ్య ఎన్నింటికి బయటికెళ్ళాడు?"

"ఆరున్నరకి. గేటు కెమెరాలో ఉంది. పోలీసులకి ఇచ్చాం."

"మొహం కనిపించిందా?"

"వాన పడుతోందండీ. గొడుగు వేసుకున్నాడు."

"అంటే గొడుగు వెళ్ళింది. అన్నయ్య వెళ్ళాడో లేదో మనకి తెలీదు."

"ఏయ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్, "చొక్కా అతనిదే, నడక అతనిదే."

"చొక్కా విప్పొచ్చు సార్. సరే, ఆయన మీద మీ ఆరోపణ ఏంటి మేనేజర్ గారూ?"

"పరీక్షలో నెగ్గని మందుల ఫలితాలు మార్చేశాడు. మేం కనిపెట్టాం. మర్నాడు వివరణ ఇవ్వమన్నాం. ఆ సాయంత్రమే ఉడాయించాడు."

"ఆయన పోయాక ఈ మెషిన్ ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ లేరండీ. ఆ ప్రోగ్రాం మొత్తం ఆయన సీ అనే కంప్యూటర్ భాషలో సొంతంగా రాసుకున్నది. మాకెవ్వరికీ అంతుపట్టదు. పరీక్షలు ఆపేశాం."

మెషిన్ గదిలోకి అడుగుపెట్టగానే డిటెక్టివ్ చూసింది మెషిన్‌ని కాదు, పక్కనున్న అర మీది సీసాలని. పిల్లల జ్వరం మందు. అన్నిటికీ 'పరీక్ష పూర్తయింది' అని చీటీ, చీటీ మీద తేదీ. తేదీ ఈ వారానిది.

"ఆపేసిన పరీక్షలు ఎలా పూర్తయ్యాయండీ?"

మేనేజర్ నీళ్ళు నమిలాడు. "అవి... వేరే చోట చేయించాం."

"వేరే చోటంటే?"

"నత్తా, నువ్వు మెషిన్ చూస్తానన్నావు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సీసాలు కాదు." వెంట తెచ్చిన కాగితం అక్కడి బల్ల మీద పెట్టాడు.

పాత మెషిన్. పదిహేనేళ్ళుగా అన్నయ్య దాన్ని అల్లుడిలా చూసుకున్నాడు. తీసి పారెయ్యమంటే ఒంటికాలి మీద లేచేవాడు. డిటెక్టివ్ కీబోర్డు ముందు కూర్చున్నాడు. చదువుకునే రోజుల్లో ఇలాంటి కీబోర్డు ముందే అన్నయ్య తన పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. తప్పు చేస్తే తిట్టేవాడు కాదు, చెంప మీద మెల్లగా ఒక్కటి తట్టి, "మళ్ళీ చూడరా," అనేవాడు. తన నత్తతనమంతా ఆయన నేర్పిందే. ఆ చెయ్యి ఒక్కసారి మళ్ళీ చెంప మీద పడితే చాలనిపించింది.

"మీ వాళ్ళు దేంతో వెతికారు సార్?"

"నేను రాసిన ప్రోగ్రాంతో," ఇన్‌స్పెక్టర్ గొంతులో గర్వం దాగలేదు. "డిస్కులో ఉన్న ప్రతి డైరెక్టరీ తెరిచి, లోపలున్న ప్రతి పేరూ చదివి, పట్టిక వేస్తుంది. ఒక్కటి కూడా తప్పించుకోదు."

"చూడొచ్చా?"

ఇన్‌స్పెక్టర్ తన ప్రోగ్రాం తెరిచాడు. చిన్నదే. ఓపెన్‌డిర్ అనే ఆదేశంతో డైరెక్టరీ అనే ఫైళ్ళ అర తెరవడం, రీడ్‌డిర్ అనే ఆదేశంతో ఒక్కో పేరూ పిలవడం, ఇక పేర్లు లేవని అది చెప్పేదాకా అదే పని మళ్ళీ మళ్ళీ చేసే లూప్ తిరగడం, చివర మూసెయ్యడం. డిటెక్టివ్ తన అలవాటు ప్రకారం ఒక్కో లైనూ వేలు పెట్టి చదివాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఇదేంటి సార్? పేరులో మొదటి అక్షరం చుక్క అయితే వదిలెయ్ అని రాశారు."

"అది ఎవడైనా రాస్తాడు! ప్రతి డైరెక్టరీలో ఒక చుక్క, రెండు చుక్కలు అని రెండు పేర్లు ఊరికే ఉంటాయిగా. ఒక చుక్కంటే ఆ డైరెక్టరీయే, రెండు చుక్కలంటే దాని పైది. వాటిని వదలకపోతే ప్రోగ్రాం గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది."

"ఆ రెంటినే వదలాలి. మీరు చుక్కతో మొదలయ్యే వాళ్ళందర్నీ గెంటేశారు. ఇద్దరు చుట్టాలు రావద్దనుకుని ఊరందరికీ తలుపేసుకున్నట్టుంది. పప్పులో కాలేశారు సార్."

ఇన్‌స్పెక్టర్ మొహం గంటు పెట్టుకున్నాడు. "చుక్క పేర్లలో ఏముంటాయి? సెట్టింగులు, చెత్త. మామూలుగా జాబితా అడిగినా మెషినే వాటిని చూపించదు."

"అందుకే దాచేవాడు అక్కడ దాస్తాడు."

డిటెక్టివ్ ఆ ఒక్క లైను మార్చాడు. పేరు సరిగ్గా ఒక చుక్క అయితే వదులు, సరిగ్గా రెండు చుక్కలైతే వదులు, ఇంకేదైనా సరే చూపించు. ప్రోగ్రాం నడిపాడు. ఫలితాల డైరెక్టరీలో వందల పేర్లు జారిపోయాయి. వాటి మధ్యలో ఒక పేరు అతని కంట పడింది. అక్షరాల్లేని పేరు. వరసగా మూడు చుక్కలు.

"మూడా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ముందుకి వంగి.

"మూడే."

వాళ్ళ వెనకే వచ్చి గుమ్మం పక్కన కూర్చున్న వదిన లేచి మరిది కుర్చీ వీపు పట్టుకుంది. అతను మూడు చుక్కల డైరెక్టరీ తెరిచాడు.

అందులో ఉన్నవన్నీ ఖాళీ ఫైళ్ళు. లోపల ఒక్క అక్షరం లేదు. పేర్లు మాత్రం ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలు. మొదట కంటపడినవి ఇవి: ఆవిడకి, చెప్పండి, ఎదురుచూడు, మార్చమన్నారు, మార్చనన్నాను, నేను, పారిపోలేదు, ఫలితాలు. తల ఒకచోటా తోక ఒకచోటా.

"పిచ్చి పట్టినట్టుంది మీ అన్నకి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పిచ్చి కాదు, మీ ప్రోగ్రాం పేర్లని అక్షరక్రమంలో పేర్చి చూపిస్తోంది. అది తీసేద్దాం. ఈ పాత ఫైల్ సిస్టమ్‌లో కొత్త పేరు వచ్చి చివర కూర్చుంటుంది, మధ్యలో ఎవరూ లేచిపోనంతవరకూ. రీడ్‌డిర్ ఏ వరసలో ఇస్తే ఆ వరసలోనే చదువుదాం."

పేర్చే లైను తీసేసి మళ్ళీ నడిపాడు. ఈసారి అన్నయ్య మాట్లాడాడు.

నేను. పారిపోలేదు. ఫలితాలు. మార్చమన్నారు. మార్చనన్నాను. ఆవిడకి. చెప్పండి. ఎదురుచూడు.

వదిన ఆ చివరి మాట దగ్గర స్క్రీను మీద వేలు ఆనించింది.

"దీని కింద ఇంకా ఉన్నాయి చిన్నా."

ఉన్నాయి. ఎదురుచూడుఉ. ఎదురుచూడుఉఉ. ఎదురుచూడుఉఉఉ. ఒకదాని కింద ఒకటి, ప్రతిదానికీ చివర ఒక్క అక్షరం ఎక్కువ. మెట్లు మెట్లుగా స్క్రీను దాటిపోయేంత పొడుగు.

"ఎందుకిలా సాగదీశాడు?" అంది వదిన.

"ఒకే డైరెక్టరీలో ఒకే పేరు రెండుసార్లు ఉండటానికి వీల్లేదు వదినా. ఒకసారి అన్నమాట మళ్ళీ అనాలంటే పేరు కొంచెమైనా మారాలి. ఉన్న మాటే రోజూ చెప్పాలనుకున్నాడు. అందుకని రోజుకో అక్షరం పెంచుతున్నాడు." అతను తేదీలు తీసి చూపించాడు. మొదటిది కనిపించకుండా పోయిన మర్నాటిది. చివరిది ఇవాళ పొద్దుటిది.

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండు నెలలుగా పంటి బిగువున ఆపుకున్నది ఒక్కసారిగా పొంగింది. శబ్దం రానివ్వలేదు.

"దొంగ తను దొంగనని రాసుకుంటాడా సార్?" అన్నాడు మేనేజర్. "పోయేముందు ఇదంతా కల్పించి పెట్టిపోయాడు, మమ్మల్ని ఇరికించడానికి."

"ఇవాళ పొద్దుటి తేదీ ఉందండీ," అన్నాడు డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ గడ్డం గోక్కున్నాడు. అతని మెదడు చురుకైనదే, లేకపోతే ఆ కుర్చీలో ఉండడు. "తేదీ ఉంటే మనిషి ఉన్నట్టేనా? రోజుకొకసారి లేచి, పేరుకి ఒక అక్షరం తగిలించి, ఖాళీ ఫైలు పుట్టించి పడుకునే ప్రోగ్రాం ఒకటి పెట్టి పోయుండొచ్చు. సీ తెలిసినవాడికి అయిదు లైన్ల పని. నీకూ తెలుసు నత్తా."

తెలుసు. అదే బాధ. డిటెక్టివ్ గుండెలో ఇప్పుడే వెలిగింది ఉఫ్‌మని ఆరిపోయేలా ఉంది. అన్నయ్య ఎప్పుడో పోయి, అతను పెట్టిన ప్రోగ్రాం ఒక్కటే పొద్దున్నే లేచి వదినని ఎదురుచూడమంటూ ఉంటే? అన్నీ రెండుసార్లు చూడమని నేర్పిన మనిషి ముందు తాను ఒకసారి చూసి నమ్మకూడదు. అతను వదిన వైపు చూడలేకపోయాడు.

"ప్రోగ్రాం రోజూ ఒకే మాట అంటుంది," అంది వదిన, కళ్ళు తుడుచుకుని. "అడిగితే జవాబు చెబుతుందా?"

ఇన్‌స్పెక్టర్, డిటెక్టివ్ ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"చెప్పదమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. "చెప్పదు."

"అయితే అడుగు చిన్నా."

"ఏమని అడగను? ఎక్కడున్నావనా?"

వదిన ఆలోచించలేదు. "తిన్నావా అని అడుగు."

డిటెక్టివ్ మూడు చుక్కల డైరెక్టరీలో ఒక ఖాళీ ఫైలు పుట్టించాడు. పేరు: తిన్నావా. తర్వాత ప్రోగ్రాంలో ఒక లూప్ చేర్చాడు. కాసేపు ఆగడం, డైరెక్టరీని మళ్ళీ మొదటినుంచి చదవడం, కొత్త పేరుంటే చూపించడం. ఇక చెయ్యడానికేం లేదు. ముగ్గురూ స్క్రీనుకి కళ్ళప్పగించి కూర్చున్నారు.

లూప్ తిరిగింది. ఏమీ లేదు. మళ్ళీ తిరిగింది. ఏమీ లేదు. ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. వదిన ఊపిరి కూడా బిగబట్టింది. ఇన్నాళ్ళ ఎదురుచూపంతా ఒకెత్తు, ఈ కాసేపు ఒకెత్తు.

స్క్రీను మీద ఒక కొత్త పేరు వచ్చింది.

నువ్వు.

దాని వెనకాలే ఇంకొకటి. తిన్నావాఆ.

"అక్షరం పెంచాడు," అంది వదిన. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలీదు. "నా మాట నేనే వాడేశాగా, అందుకని. చూడు చిన్నా, ఎప్పుడూ ఇంతే. నేనేదడిగితే అది తిప్పి నన్నే అడుగుతారు."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "బతికున్నాడు," అన్నాడు. ఓడిపోయిన మనిషి గొంతులా లేదు అది. "అడుగు. త్వరగా. ఎక్కడో అడుగు."

డిటెక్టివ్ వేళ్ళు మొదటిసారి తొందరపడ్డాయి. ఎక్కడ.

జవాబు వెంటనే వచ్చింది. కింద. ఆ తర్వాత: చలి. ఆ తర్వాత: తలుపు.

"కింద ఏముంది?" ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరిగాడు. "మేనేజర్ గారూ, కింద..."

మేనేజర్ లేడు. గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ముగ్గురు మనుషులు ఒక స్క్రీనుకి అతుక్కుపోయి, నాలుగోవాడు ఎప్పుడు జారుకున్నాడో చూసుకోలేదు.

డిటెక్టివ్ మెషిన్‌ని గోడ నుంచి ముందుకి గుంజాడు. కరెంటుది కాక వెనక రెండు వైర్లు. ఒకటి ఈ బల్ల మీది స్క్రీనుకి వచ్చింది. రెండోది నేలలో తొలిచిన రంధ్రంలోంచి కిందికి దిగిపోయింది. బయటి ప్రపంచంతో ఈ మెషిన్‌కి వేరే దారి లేదు.

"మందుల శీతల గది," అన్నాడతను. "అక్కడ ఇంకో కీబోర్డు పెట్టి అన్నయ్య చేతే ఫలితాలు మార్పిస్తున్నారు. ఆయన ప్రోగ్రాం ఆయనొక్కడికే వచ్చు కాబట్టి చంపలేదు. కాపలావాడు చూసినా మామూలు జాబితాలో చుక్క పేర్లు కనబడవు. అందుకే ఇన్నాళ్ళూ..."

మాట పూర్తి కాలేదు. స్క్రీను మీద లూప్ మరోసారి తిరిగింది. ఈసారి కొత్త పేర్లు లేవు. పాతవీ లేవు. ఎదురుచూడు అన్న మెట్లన్నీ పోయాయి, తిన్నావా పోయింది, నువ్వు పోయింది. మిగిలినవి ఏ డైరెక్టరీలోనైనా ఊరికే ఉండే ఆ రెండు పేర్లే.

ఇంకొక చుట్టు తిరిగేసరికి ఓపెన్‌డిర్ చేతులెత్తేసింది. అలాంటి డైరెక్టరీ లేదంది.

"చెరిపేశారు," అన్నాడు డిటెక్టివ్. "ఇప్పుడు సాక్ష్యం అన్నయ్య ఒక్కడే."

ఇక ఆయన్ని బతికించి ఉంచడానికి వాళ్ళకి కారణం లేదని పైకి అనలేకపోయాడు. ఇన్‌స్పెక్టర్‌కి అర్థమైంది. రేడియోలో మనుషుల్ని పిలుస్తూనే తలుపు వైపు కదిలాడు. కానీ ఆ గదిలోంచి అందరికంటే ముందు బయటపడింది వదిన. సంతకం చెయ్యని కాగితం ఆవిడ కొంగు తగిలి నేల మీద పడితే, దాన్ని తొక్కుకుంటూనే ఇద్దరూ ఆవిడ వెనక పరిగెత్తారు.

నడవా చివర ఇరుకు మెట్లు. మెట్ల కింద ఇనుప తలుపు. వదిన అప్పటికే రెండు అరచేతులతో బాదుతోంది.

"ఏమండీ! ఏమండీ!"

ఇన్‌స్పెక్టర్ ఆవిడని పక్కకి లాగి భుజంతో తలుపు గుద్దాడు. తలుపు కదల్లేదు. లోపలి నుంచి గడియ.

"ఇన్‌స్పెక్టర్ గారూ," తలుపు అవతల మేనేజర్ గొంతు. నలగని ఇస్త్రీ లాంటి ఆ గొంతు ఇప్పుడు బాగా నలిగింది. "ఇంకోసారి గుద్దితే ఇక్కడున్నవాడికి ఏమవుతుందో నాకు తెలీదు. నా బండికి దారి వదలండి. వదిలాకే తలుపు తీస్తాను."

మళ్ళీ గుద్దబోయిన ఇన్‌స్పెక్టర్ ఆగిపోయాడు. డిటెక్టివ్ వైపు చూశాడు, ఏం చేద్దామన్నట్టు. ఇన్నేళ్ళ పరిచయంలో ఆ చూపు చూడటం అదే మొదటిసారి.

అప్పుడు లోపలెక్కడో ఎవరో దగ్గారు. చలికి బిగుసుకుపోయిన ఛాతీలోంచి వచ్చిన పొడి దగ్గు, రెండుసార్లు. ఆ దగ్గు ఎవరిదో వదినకి చెప్పక్కర్లేదు. ఆవిడ ఇన్‌స్పెక్టర్ చెయ్యి విడిపించుకుని తలుపు దగ్గరికి వెళ్ళి, చల్లని ఇనుముకి చెంప ఆనించింది.

"వినిపించింది," అంది, మేనేజర్‌తో కాదు. "నేనిక్కడే ఉన్నాను."